ఆ గీతలు నావి
(పదకొండో భాగం)

చేతిలో మెహందీ కోను. ఎదురుగా స్టూలు మీద తడి లుంగీతో మొగుడు. అతని పొట్ట మీద ఉండాల్సిన గీతలు లేవు. ఖుర్షీద్‌ని ఆదిలాబాదులో వాళ్ళింటి వాకిట్లో అట్లా వదిలేసి మనం వారం రోజులు ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం ఆమె మాత్రం ఆ కోను పట్టుకుని అక్కడే కూర్చుంది. ఇంకా ఆలస్యం చేస్తే మెహందీ ఎండిపోతుంది, పదండి.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఖుర్షీద్ మొగుడు జబ్బార్ జిన్నింగు మిల్లులో ఫిట్టరు. పత్తి నుంచి గింజను విడదీసే మిషన్లకు ముప్పై ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్నాడు. పోయిన చలికాలం కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళు పచ్చబడింది, కామెర్లని పసరు మందు తాగాడు, చివరికి స్కాన్‌లో క్లోమంలో గడ్డ బయటపడింది. హైదరాబాదులో సర్జన్ భానుప్రసాద్ పొట్ట తెరిచి చూస్తే ఆ గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని ఉంది. తీయడం కుదరలేదు. తిన్నది కిందికి దిగడానికి, పైత్యం పోవడానికి పక్కనుంచి కొత్త దారి కుట్టి మళ్ళీ మూసేశాడు. ఈ సంగతి జబ్బార్ దగ్గర ఎవరూ దాచలేదు. దాచబోతే అతను ఊరుకోలేదు.

ఆపరేషన్ అయ్యాక కామెర్లు పోయాయి గాని నొప్పి పోలేదు. కడుపులో పుట్టి వీపులోకి దిగే నొప్పి. దిండు పొట్టకు అదుముకుని, ముందుకు వంగి, కూర్చునే కునుకు తీసేవాడు. అప్పుడు కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్ శ్రీధర్‌రావు దగ్గర కరెంటు పెట్టించడం మొదలైంది. డాక్టర్లు దాన్ని రేడియేషన్ అంటారు, వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా కరెంటనే అంటారు. మొత్తం ఇరవై ఎనిమిది సిట్టింగులు, రోజూ మాత్రలు. నడుమ గ్యాప్ రాకూడదని డాక్టర్ మొదటి రోజే గట్టిగా చెప్పారు. పదిహేను సిట్టింగులు అయ్యేసరికి జబ్బార్ వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఆ రోజు ఖుర్షీద్ అతని పక్కన కూర్చుని, గురక వింటూ, సంతోషంతో ఏడ్చింది.

ఇక గీతల సంగతి. జబ్బార్ ఒంటి మీద మూడు చోట్ల, బొడ్డుకు పైన ఒకటి, చెరో పక్కనా ఒకటి, ఊదారంగు మార్కరుతో ప్లస్ గుర్తులు పెట్టారు. మిషన్ గదిలో పైకప్పు నుంచి, రెండు గోడల నుంచి సన్నటి ఎర్రటి వెలుతురు గీతలు వచ్చి ఆ గుర్తుల మీద పడతాయి. పడితేనే మనిషి సరిగ్గా పడుకున్నట్టు, కరెంటు గడ్డ మీదికి పోతున్నట్టు. లోపలి ఫొటో తీసి సరిచూసుకునేది బుధవారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఆ గుర్తులే దిక్కు. సబ్బు పెట్టొద్దు, తోమొద్దు, చెరిగితే మాకు చెప్పండి, మీరు మాత్రం దిద్దొద్దు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పారు.

చెరిపింది పగవాళ్ళెవరూ కాదు, జబ్బార్ సొంత అక్క నాజ్నీన్. తల్లి పోయిన తమ్ముణ్ణి తొమ్మిదేళ్ల వయసు నుంచి నీళ్ళు పోసి, అన్నం పెట్టి పెంచిన మనిషి. మూడు వారాలకు మొదటిసారి తమ్ముడు ఆదిలాబాదు వచ్చాడు, గిన్నెడు కిచిడీ, పుల్లటి ఖట్టా పోసుకుని తిన్నాడు, ఇంకొంచెం పెట్టమన్నాడు. ఇంకేముంది, ఆమెకు పట్టపగ్గాలు లేకపోయాయి. వాళ్ళిళ్ళలో జబ్బు నుంచి లేచిన మనిషికి గుస్లే సెహత్ అని తలంటు పోస్తారు, కొత్త బట్టలు కడతారు, వాడకట్టుకంతా తీపి పంచుతారు. కరెంటు ఇంకా సగం మిగిలి ఉందని ఆమెకెవరు చెప్పాలి? చెప్పినా ఆమె వినాలి కదా! సికాకాయ కళ్ళలో పడకుండా జబ్బార్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అక్క శనగపిండితో తోమింది. ఖుర్షీద్ వంటింట్లోంచి పంచడానికి చేసిన తీపి షీరా గిన్నె పట్టుకుని వచ్చేసరికి ఊదారంగు నీళ్ళు మోరీలోకి పోతున్నాయి.

ఖుర్షీద్ పెళ్ళికూతుళ్ళకు మెహందీ పెడుతుంది. కుడిచేతి మీద వేసిన పువ్వును, మళ్ళీ చూడకుండా, రేకు తేడా లేకుండా ఎడమచేతి మీద వేయగలదు. ఉట్నూర్ నుంచి జీపులో వచ్చి తీసుకుపోతారు ఆమెను. ఆ ధైర్యంతోనే నల్ల మెహందీ కోను అందుకుంది. నడుమ గుర్తు లీలగా ఇంకా కనిపిస్తోంది, దాని మీదే దిద్దింది. పక్కలవి రెండూ గుర్తు తెచ్చుకుని గీసింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. అసలు గీతలే మళ్ళీ మొలిచాయా అన్నంత ముచ్చటగా వచ్చాయి.

"దేఖో, ఏం గాలే," అంది నాజ్నీన్. "గాడికి పొయ్యి నోరు ఇప్పకు ఖుర్షీద్. చెప్పినవంటే బంద్ చేస్తరు. నిర్మల్ ఆమెకు జేసిండ్రా లేదా?"

అదే ఆసుపత్రిలో కరెంటు పెట్టించుకున్న నిర్మల్ ఆమె సంగతి ఖుర్షీద్‌కు బాగా తెలుసు. రక్తం తగ్గిందని రెండు వారాలు ఆపేశారు. ఆ రెండు వారాల్లో నొప్పి తిరగబెట్టి, ఆ మనిషి మళ్ళీ ఆసుపత్రికి స్ట్రెచర్ మీద వచ్చింది. జబ్బార్ మళ్ళీ దిండు పట్టుకుని వంగి కూర్చోవడం ఖుర్షీద్ కళ్ళ ముందు మెదిలింది. చెప్పనని తలూపింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు సోమవారం, పొద్దున పదిన్నర, కరీంనగర్ ఆసుపత్రి కింది అంతస్తు. నాజ్నీన్ కూడా వెంట వచ్చింది. రావద్దంటే వినే మనిషి అయితే ఈ కథ ఇంతదాకా వచ్చేదే కాదు.

బెంచీ మీద ఆ చివర సిరిసిల్ల లచ్చయ్య. మరమగ్గాల మీద పనిచేసేవాడు, గొంతుకు కరెంటు పెట్టించుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయినా నోరు మాత్రం ఊరుకోదు.

"ఏందే జబ్బార్ భాయ్, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నవ్!" అన్నాడు లచ్చయ్య.

"మా ఆపా తలంటు పోసిందే లచ్చన్నా," అన్నాడు జబ్బార్, అక్క వైపు చూసి నవ్వుతూ.

ఖుర్షీద్ అతని మోచెయ్యి గిల్లింది. నాజ్నీన్ గట్టిగా దగ్గింది.

"తలంటా?" లచ్చయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "మాకు నీళ్ళ చుక్క సుత తగలనియ్యరు గదనే! మీ ఆదిలాబాదోళ్ళకు వేరే రూల్స్ ఉన్నయా ఏంది?"

"తలకాయ మీదికెల్లి పోసినం అన్నా. మెడ కిందికి రాలే," అంది నాజ్నీన్. అబద్ధం ఆమె నోట్లోంచి ఇంత సాఫీగా వస్తుందని ఖుర్షీద్‌కి అంతవరకు తెలియదు. అంత కంగారులోనూ కొంచెం భయమేసింది.

జబ్బార్ పేరు పిలిచారు. ఆ రోజు వార్డుబాయ్ రాలేదు, అందుకని టెక్నీషియన్ ప్రజ్ఞ ఖుర్షీద్‌ని కూడా లోపలికి రమ్మంది, అతన్ని బల్ల ఎక్కించడానికి సాయంగా. ప్రజ్ఞది జగిత్యాల, పాతికేళ్ళు దాటని పిల్ల. పనిలో చురుకు, మాటలో మెత్తన. జబ్బార్ చొక్కా విప్పి, చేతులు తల పైకి పెట్టుకుని పడుకున్నాడు. గదిలో లైట్లు తగ్గాయి. ఎర్రటి గీతలు మూడు వైపుల నుంచి వచ్చి అతని ఒంటి మీద పడ్డాయి.

"అబ్బ, గీతలు మస్తు డార్క్ అయినయ్," అంది ప్రజ్ఞ వంగి చూస్తూ. "శుక్రవారం సాయిచంద్ అన్న డ్యూటీ గదా. ఆయన గిట్లనే దిద్దుతడు."

ఖుర్షీద్ అతని చొక్కా మడత పెట్టింది. జబ్బార్ మాత్రం పడుకున్నచోటి నుంచే భార్య వైపు చూసి కన్ను గీటాడు. నీ చెయ్యి వాళ్ళ చేతికి సమానమైంది చూసుకో అన్న గర్వం ఆ కంట్లో. ఆ గర్వం చూసి ఖుర్షీద్ ప్రాణం ఉసూరుమంది.

నడుమ గుర్తు మీద ఎర్రగీత సరిగ్గా పడింది. ఎడమ పక్క గుర్తు మీద పడలేదు. "అంకుల్, జర గీ పక్కకు," అని ప్రజ్ఞ అతని నడుం కింద చెయ్యి పెట్టి కొంచెం ఒరిగించింది. ఎడమది కుదిరింది. కుడిది తప్పింది. ఇంకొంచెం సర్దింది, నడుమది తప్పింది. మళ్ళీ తిప్పింది. పదిహేను రోజులు ఒక్కసారి సర్దగానే తిన్నగా పడుకున్న మనిషి ఇవాళ ఒక భుజం పైకి, ఒక తుంటి కిందికి అయి మెలితిరిగి ఉన్నాడు.

"వెయిట్ పెరిగిండ్రు గదా అంకుల్, తోలు జరుగుతది. గిప్పుడు ఓకే," అంది ప్రజ్ఞ, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ. "ఆంటీ, మీరు బయటికి రాండ్రి."

రెండు చేతుల మెహందీని ఒక్కలా వేసే కళ్ళు ఖుర్షీద్‌వి. ఒక పక్కకు ఒరిగింది ఆ కళ్ళకు దొరక్కుండా పోదు. తన గీతలు అతని ఒంటికి సరిపోలేదు. అతని ఒంటినే తన గీతలకు సరిపోయేలా వంచుతున్నారు. ఈ సంగతి ఆమెకు గదిలో ఉండగానే తెలిసిపోయింది. అయినా కాళ్ళు ఆమెను బయటికే తీసుకొచ్చాయి. వెనక ఆ బరువైన తలుపు మెల్లగా, మోటారు చప్పుడుతో, మూసుకుంది.

బయట ప్రజ్ఞ కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన చిన్న టీవీలో జబ్బార్ కనిపిస్తున్నాడు, చేతులు తల మీద, ఒంటరిగా. ఖుర్షీద్ నిలబడి లెక్కలు వేసుకుంటోంది. చెప్తే ఆపేస్తారు. ఆపితే నొప్పి వస్తుంది. చెప్పకపోతే బుధవారం దాకా ఎవరికీ తెలియదు. ఒకవేళ తేడా చిన్నదేనేమో. ఒకవేళ ఏమీ కాదేమో. ముప్పై ఏళ్లలో తన చెయ్యి ఒక్క పెళ్ళికూతురు చేతి మీద కూడా తప్పలేదు. ఇప్పుడీ ఒక్కసారి తప్పిందని నలుగురిలో ఎట్లా ఒప్పుకునేది?

ప్రజ్ఞ తాళంచెవి తిప్పింది. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది. టీవీలో జబ్బార్ రెండు కాళ్ళ బొటనవేళ్ళు ఆడించాడు. రోజూ కరెంటు మొదలయ్యే ముందు అట్లా ఆడిస్తాడు, బయట టీవీలో చూస్తున్న భార్యకు నేను బాగానే ఉన్నానని చెప్పడానికి.

"ఆపు బిడ్డా! ఆపు!" ఖుర్షీద్ గొంతు వరండా దాకా వినిపించింది. "గా గీతలు మీయి కావు. నావి!"

బటన్ మీదికి పోయిన ప్రజ్ఞ వేలు గాల్లోనే ఆగింది. తాళంచెవి వెనక్కి తిప్పి కుర్చీలోంచి లేచింది.

"నావి అంటే ఏంది ఆంటీ?"

"నేనే గీసిన. మెహందీతోని. మీరు గీసినయి నిన్న స్నానంల పోయినయ్. భయపడి చెప్పలే. ఆయనను సీదా పండుకోబెట్టు తల్లీ, ఒంకర ఉన్నడు. నేనే తప్పు గీసిన, నాకు కనబడుతుంది."

ప్రజ్ఞ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు తెరిచి లోపలికి పోయి, "అంకుల్, ఇయ్యాల లేదు, దిగుండ్రి," అంది. ఇయ్యాల లేదు. నిన్నటి నుంచి ఖుర్షీద్ దేనికి భయపడుతోందో ఆ మాటే వచ్చి నెత్తిన పడింది. గోడకు చేరబడి అక్కడే కూలబడిపోయింది.

డాక్టర్ శ్రీధర్‌రావు రెండు నిమిషాల్లో వచ్చారు. నెత్తి నెరిసిన మనిషి, కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఇవాళ చాలా తగ్గించారు.

"ఎవరు చెరిపిండ్రు?"

ఖుర్షీద్ నోరు తెరిచేలోపు నాజ్నీన్ బెంచీ మీంచి లేచి, బుర్ఖా సర్దుకుని, డాక్టర్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేనే తోమిన సాబ్. శనగపిండితోని. చెప్పకుమని నోరు మూయించింది సుత నేనే. ఆమెను ఏమనకుండ్రి. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి, కొట్టేదుంటే నన్ను కొట్టుండ్రి. నా తమ్మునికి మాత్రం కరెంటు బంద్ చెయ్యకుండ్రి." అంత పెద్ద మనిషి, పదిమంది ముందు, చేతులు రెండూ జోడించింది. ఆమె ఎవరికైనా దండం పెట్టడం జబ్బార్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ప్రజ్ఞా, నువ్వెందుకు చూస్కోలే?" డాక్టర్ అటు తిరిగారు.

"సాయిచంద్ అన్న దిద్దిండనుకున్న సార్," అంది ప్రజ్ఞ.

"గా పిల్లను అనకుండ్రి," అంది ఖుర్షీద్ లేచి నిలబడుతూ. "దొంగతనంగ గీసిన. దొరకకుంట గీసిన."

డాక్టర్ ఫైలు తెప్పించారు. మొదటి రోజు తీసిన ఫొటోలు, బొడ్డు నుంచి ఏ గుర్తు ఎంత దూరమో రాసిన కొలతలు అందులో ఉన్నాయి. జబ్బార్‌ని పడుకోబెట్టి స్కేలు పెట్టి కొలిచారు. నడుమది సరిగ్గా ఉంది. ఎడమది రెండు సెంటీమీటర్లు కిందికి జారింది. కుడిది ఒకటిన్నర.

"ఎంత సాఫ్ గీసినవమ్మా!" అన్నారాయన, ఇంకా ఆ గుర్తు వైపే చూస్తూ. "మావోళ్ళు సుత గింత మంచిగ గీయరు. గందుకే ఎవరికీ అనుమానం రాలే. వంకరటింకర గీస్తే ప్రజ్ఞ అప్పుడే పట్టుకునేది." కొంచెం ఆగి అడిగారు. "పండుకోబెట్టి గీసినవా, కూసోబెట్టి గీసినవా?"

జవాబు ఖుర్షీద్ చెప్పలేదు. జబ్బార్ చెప్పాడు. చెప్పలేదు, అరిచాడు.

"అరె! కూసున్న సార్! స్టూల్ మీద కూసున్న!" బల్ల మీంచి లేవబోయి మళ్ళీ పడుకున్నాడు. "ముప్పై ఏండ్లు మిల్లుల అందరికి చెప్పిన. రోలరుకు చాకుకు నడుమ సందు కొలువాలంటే మిషన్ నడిచేటప్పుడు ఎట్లుంటదో అట్ల పెట్టి కొలువాలెరా అని. ఆడ ఎంట్రుకంత తేడా వస్తే గింజ పగిలి పత్తిల పడుతది. ఈడ నా సొంత పొట్టకు కొలత తీస్తుంటే కూసొని తీయించుకున్న. ఖుర్షీద్ చెయ్యి తప్పలే సార్. ఫిట్టరు తప్పిండు."

లచ్చయ్య తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు, ఎవరూ రమ్మనకపోయినా. "బాగ చెప్పినవ్ భాయ్," అన్నాడు. డాక్టర్‌కి కూడా పెదవి చివర నవ్వు వచ్చింది గాని ఆపుకున్నారు.

"రెండు సెంటీమీటర్లు అంటే ఏందో తెలుసా అమ్మా?" ఖుర్షీద్‌ని దగ్గరికి పిలిచి, తన వేలితో జబ్బార్ పొట్ట మీద చూపించారు. "గడ్డ గీడ. భానుప్రసాద్ గారు కుట్టిన కొత్త పేగు దారి గీడ. కిడ్నీ గీడ. ఇయ్యాల, రేపు, నువ్వు నోరు మూసుకొని ఉంటే కరెంటు గడ్డకు సగమే తగిలేది. మిగతాది గీ కుట్ల మీద పడేది. గవి కాలిపోతే తిన్నది దిగదు. మళ్ళ మొదటికొస్తం."

ఖుర్షీద్ తన చేతులు వెనక్కి దాచుకుంది. ఆ గీతలు గీసిన చేతులు.

"గని నువ్వు చెప్పినవ్," అన్నారాయన. ఇప్పుడు గొంతు మామూలుకు వచ్చింది. "మిషన్ మొదలుపెట్టకముందే చెప్పినవ్. ఒక్క చుక్క కరెంటు తప్పు జాగల పడలే. ట్రీట్‌మెంట్ ఎందుకు బంద్ చేస్తనమ్మా? మళ్ళ స్కాన్ తీస్తం, మళ్ళ కొలత పెడుతం. ఎల్లుండి కొత్త కొలత మీద మొదలు. పోయిన రెండు రోజులు శనివారాల్ల నింపుతం. ఇరవై ఎనిమిదిల ఒక్కటి తగ్గది."

నాజ్నీన్ ముఖం రెండు చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చింది. ఖుర్షీద్ ఏడవలేదు. ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఆపరు. ఆపడం లేదు. అది ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది.

"గీసారి మార్కరు కాదు," అన్నారు డాక్టర్ పోతూ పోతూ. "సూదితోని సన్నగ మూడు పచ్చబొట్టు చుక్కలు పొడిపిస్తం. ఏ శనగపిండికీ పోవు."

"పచ్చబొట్టా? మా దాంట్ల అది హరాం..." నాజ్నీన్ ఏడుపు మధ్యలోనే తల ఎత్తింది.

"ఆపా, నీ చేతికి భయపడి పొడుస్తుండ్రు," అన్నాడు జబ్బార్. "ఇలాజు కోసం, ట్రీట్‌మెంట్ కోసమైతే మాఫీ ఉంటది. నువ్వు ఊకో."

స్కాన్ మధ్యాహ్నం తీశారు. వరండాలో ప్రజ్ఞ వచ్చి ఖుర్షీద్ పక్కన కూర్చుంది. "మీరు ఆపమనకుంటే నా చేతులతోనే అయిపోతుండె ఆంటీ," అంది. ఖుర్షీద్ ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "నీ పెండ్లికి నేనే వస్త, చేతుల నిండ పెడుత," అంది. "పండుకోబెట్టి గాదు, కూసోబెట్టే పెడుత, ఫికర్ జెయ్యకు." ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

మూడు దాటాక డాక్టర్ తన గదిలోకి పిలిపించారు. ఖుర్షీద్ దువా చదువుకుంటూ వెళ్ళింది. జబ్బార్ కుర్చీలో కూర్చున్నాడు, ఆడవాళ్ళిద్దరూ వెనక నిలబడ్డారు. కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి.

"ఇది మొదటి రోజుది. ఇది ఇయ్యాలది," అన్నారు. "మామూలుగ ట్రీట్‌మెంట్ నడుమ గిసువంటి స్కాన్ తియ్యం. మీ గీతలు పోయినయి కాబట్టి తీసినం. ఇగో, గీ తెల్లగ గుండ్రంగ కనిపించేది పెద్ద రక్తనాళం. గడ్డ దాన్ని ఎట్ల చుట్టుకుందో చూడుండ్రి. ఇప్పుడు ఇయ్యాలటిది చూడుండ్రి. గీ పక్కన."

జబ్బార్ ముందుకు వంగాడు. నొప్పితో కాదు. ఎన్నో ఏళ్లుగా ఇనుప మిషన్లలో కంటికి ఆనని ఖాళీలు వెతికిన మనిషి అతను. డాక్టర్ వేలు పెట్టకముందే అతనికి కనిపించింది.

"సందు ఉంది సార్," అన్నాడు మెల్లగా. "రక్తనాళానికి, గడ్డకు నడుమ. సన్నగ."

"ఉన్నట్టే ఉంది," అన్నారు డాక్టర్. "నేను పక్కా అని చెప్ప. సగం ట్రీట్‌మెంట్ల తీసిన ఫొటో, మోసం చేయొచ్చు. కాని గడ్డ పెరగలే. లివర్‌కు పోలే. మీరు రెండు కిలోలు పెరిగిండ్రు. గీ మూడు మాటలు పక్కా."

నాజ్నీన్ "అల్లా కా షుకర్!" అని గట్టిగా అందో లేదో, బయట బెంచీ మీంచి లచ్చయ్య, "ఏమైందక్కా, మంచిదేనా?" అని బొంగురు గొంతుతో కేకేశాడు. "మంచిదే!" అని లోపల్నుంచి ముగ్గురూ ఒక్కసారే అరిచారు. ఆసుపత్రిలో ఇట్లా అరవకూడదని డాక్టర్ అనలేదు. ఆయనా నవ్వుతున్నారు. ఖుర్షీద్ జబ్బార్ భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో పరాయివాళ్ళ ముందు ఎప్పుడూ వేయని చెయ్యి, ఇవాళ వేసింది, తీయలేదు. గెలిచాం అనుకుంది మనసులో. మొత్తం కాకపోయినా ఇవాళ్టికి గెలిచాం.

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. డాక్టర్ చూసి, ఎత్తి, స్పీకరులో పెట్టారు. "ఫొటోలు భానుప్రసాద్ గారికి పంపిన. ఆయనే."

"జబ్బార్ భాయ్, ఎట్లున్నవ్?" సర్జన్ గొంతు. ఆ గొంతు వినగానే జబ్బార్ చెయ్యి తనంతట తనే పొట్ట మీది కుట్ల గుర్తు మీదికి పోయింది. "ఫొటో చూసిన. కరెంటు అంతా పూర్తి చేసుకో. తర్వాత ఆరు వారాలు ఆగి మంచి స్కాన్ ఒకటి తీపిద్దం. గా సందు నిజమే అయితే, నేను మళ్ళ లోపలికి పోదామనుకుంటున్న. దారి కుట్టెటందుకు కాదు ఈసారి. గడ్డ తీసెటందుకు. చిన్న ఆపరేషన్ కాదు. ఎనిమిది గంటలు. టేబుల్ మీదనే పోయే ముప్పు ఉంది, నేను దాచ. ఇప్పుడే అవునని చెప్పనవసరం లేదు. కాని నీ మనసుల ఉందా లేదా, గది తెలిస్తే నేను ఇప్పటి నుంచే తయారుచేసుకుంట."

ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చిన రోజు జబ్బార్ అన్న మొదటి మాట, చస్తే చస్త గని మళ్ళ ఆ బల్ల ఎక్క, అని. నాజ్నీన్ మీద ఒట్టు వేసి చెప్పాడు. ఇప్పుడు అతను అక్క వైపు చూడలేదు. డాక్టర్ వైపు చూడలేదు. ఫోను తీసి ఖుర్షీద్ చేతికిచ్చాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు. "పొద్దున నేను ఆడ నవ్వుకుంట పండుకున్న. నాకేం తెల్వదు. ఆపుమన్నది నువ్వు. ఇది సుత నువ్వే చెప్పు. నువ్వు ఊ అంటే ఎక్కుత. ఉహూ అంటే ఇంటికి పోదాం."

ఖుర్షీద్ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. ఊ అంటే ఏమవుతుందో, ఉహూ అంటే ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఒక్కటి మాత్రం ఇవాళ పొద్దున్నే తెలిసింది.

"డాక్టర్ సాబ్, నేను ఖుర్షీద్‌ను. ఊ అననీకె, ఉహూ అననీకె ముందు ఒక్క మాట అడుగుత. ఇయ్యాల నా మనసుల డౌట్ ఉండె. దాచిపెడితే నా మొగుణ్ణి నా చేతులతోనే పోగొట్టుకుంటుంటి. చెప్పిన కాబట్టి మంచిగైంది. మీరు సుత దాచకుండ్రి. గా ఫొటో చూసినప్పుడు మీ మనసుల ఏదన్న డౌట్ వచ్చిందా?"

ఫోనులో చప్పుడు లేదు. లైను తెగిందేమోనని శ్రీధర్‌రావు తెర వైపు చూశారు. తెగలేదు. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"వచ్చిందమ్మా," అన్నాడు భానుప్రసాద్. "ఒకటుంది. జబ్బార్ భాయ్‌ని జర బయట కూసొమ్మను."

"నేను పోను," అన్నాడు జబ్బార్. "చెప్పుండ్రి."